చమురు అయిపోయిన వేదికను ఏం చేయాలి?

ఆ మధ్య ఎనిమిదో తరగతిలో ముడి చమురు పాఠం చెబుతూ బొంబాయి హై వేదిక బొమ్మ ఒకటి పిల్లలకు చూపించాను. సముద్రం మధ్య ఉక్కు కాళ్ళ మీద నిలబడిన పెద్ద మంచె అది. మంచె మీద యంత్రాలు, పనివాళ్ళ గదులు, హెలికాప్టరు దిగే చోటు. చూసి ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, అడుగున చమురు అయిపోతే ఈ మంచెను ఏం చేస్తారు?"

నేను నోరు విప్పేలోగా తరగతే జవాబు చెప్పేసింది. "అక్కడే వదిలేస్తారు" అన్నాడొకడు. "సముద్రంలో ముంచేస్తారు" అన్నాడింకొకడు. "పాత ఇనుప సామాన్లవాడికి అమ్మేస్తారు" అని వెనక బెంచీ నుంచి వినబడింది. అందరూ నవ్వారు. కాని ఈ మూడు జవాబుల గురించే దేశాలు ఎన్నో ఏళ్ళు వాదించుకున్నాయి.

వదిలేస్తే ఏమవుతుంది? మీ భూగోళంలో ఖండతీరపు అంచు గురించి చదివారు కదా! ఆ అంచు అడుగున ఉన్న చమురు తీరదేశానిదే. కాని తీరానికి దూరంగా, పైనున్న నీటిలో ఓడ నడుపుకొనే హక్కు అన్ని దేశాలకూ ఉంది. ఎవరూ లేని, దీపం వెలగని వేదికను చీకట్లో ఓడ ఢీకొంటే? దాని కాళ్ళకు జాలరి వల చిక్కుకుంటే? అందుకే 1958లో జెనీవాలో కుదిరిన ఒడంబడిక ఒక్క ముక్కలో తేల్చేసింది: వాడుక మానేసిన కట్టడాన్ని పూర్తిగా తీసివేయాలి.

అప్పటి వేదికలు ఎక్కువగా లోతులేని నీటిలో ఉండేవి కనుక ఆ మాట సులువుగానే అనగలిగారు. తరువాత చమురు వెతుకులాట లోతు నీటికి పోయింది. బ్రిటన్, నార్వేల నడుమ ఉత్తర సముద్రంలో, బ్రెంట్ అనే క్షేత్రంలో, నీటి లోతు 140 మీటర్లు. అక్కడి వేదికలు వేల టన్నుల బరువు. వాటిని వేళ్ళతో సహా పెకలించడం మాటలా? 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం కొంచెం పట్టు సడలించింది. తీసివేయమంటూనే, మిగిలిపోయిన భాగం ఏదైనా ఉంటే అది ఎక్కడ, ఎంత లోతున, ఎంత పెద్దదిగా ఉందో లోకానికి చాటాలన్నది.

"కొంత మిగలవచ్చు" అంటే ఎంత? దీనికి 1989లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ అంకెలు ఇచ్చింది. నీటి లోతు 75 మీటర్లకు తక్కువ, పై అంతస్తులు మినహా బరువు 4,000 టన్నులకు తక్కువ అయితే మొత్తం తీయాలి. 1998 జనవరి 1 నుంచి కట్టేవాటికి ఆ లోతు 100 మీటర్లు. అంతకంటె పెద్దవాటిని కొంత కోసి వదిలినా, పైన కనీసం 55 మీటర్ల నీరు అడ్డు లేకుండా ఉండాలి. 55 ఎందుకో తెలుసా? పెద్ద చమురు ఓడ నిండు బరువుతో ఉంటే దాని అడుగు 20 మీటర్లకు పైగా నీటిలో ఉంటుంది. అలలు లేచినా, కొలతలో పొరపాటు జరిగినా ప్రమాదం రాకుండా అంత ఎడం. ఇప్పుడు మీరే లెక్క కట్టండి: 140 మీటర్ల నీటిలో ఎంత ఎత్తు మొండెం మిగల్చవచ్చు? 85 మీటర్లు. సుమారు ఇరవై ఎనిమిది అంతస్తుల మేడ!

రెండో పిల్లవాడి జవాబుకు, అంటే ముంచేయడానికి, పరీక్ష 1995లో వచ్చింది. బ్రెంట్ క్షేత్రంలోనే బ్రెంట్ స్పార్ అనే కట్టడం ఉండేది. ఇది కాళ్ళ మీద నిలబడిన వేదిక కాదు. గేలానికి కట్టిన బెండు నీటిలో నిలువుగా తేలుతుంది చూడండి, అలా లంగర్లతో కట్టి నిలబెట్టిన బ్రహ్మాండమైన డ్రమ్ము. బరువు 14,500 టన్నులు. మూడు లక్షల పీపాల చమురు పట్టేది. దాని పని 1991లో ముగిసింది. స్కాట్లండుకు పడమరగా, రెండు కిలోమీటర్లకు పైగా లోతున్న చోట ముంచేస్తామని షెల్ కంపెనీ అడిగితే బ్రిటిష్ ప్రభుత్వం సరేనన్నది.

గ్రీన్‌పీస్ సంస్థవారు 1995 ఏప్రిల్‌లో దాని మీదికి ఎక్కి కూర్చున్నారు. ఐరోపాలో గగ్గోలు పుట్టింది. జర్మనీలో జనం షెల్ పెట్రోలు కొనడం మానేశారు. జూన్ 20న కంపెనీ వెనక్కి తగ్గింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. అందులో 5,000 టన్నులకు పైగా చమురు మిగిలి ఉందని గ్రీన్‌పీస్ చెప్పింది. తరువాత ఒక నార్వే సంస్థ లెక్క చూస్తే తేలింది 75 నుంచి 100 టన్నులు. ఇంత తేడా ఎలా వచ్చింది? నమూనాను తొట్టిలోంచి కాక, తొట్టికి పోయే గొట్టంలోంచి తీశారు! బావి నీళ్ళు పరీక్షించమంటే తాడుకు అంటిన తడి చూసినట్టు. సెప్టెంబరులో గ్రీన్‌పీస్ తప్పు ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. అది మెచ్చుకోదగ్గ పని. ప్రయోగశాలలో మీ పట్టిక తప్పితే మీరూ అలాగే చెప్పాలి. అయితే అంకె తప్పయినంత మాత్రాన ప్రశ్న తప్పు కాదు: వాడి పారేసినదాన్ని సముద్రంలో వేసే హక్కు ఎవరికైనా ఉందా?

లేదనే పదిహేను దేశాలు, ఐరోపా సంఘం 1998లో పోర్చుగల్‌లోని సింత్రాలో తీర్మానించాయి. ఈశాన్య అట్లాంటిక్‌లో వాడని కట్టడాలను ముంచరాదు, ఉన్నచోట వదలరాదు. పై అంతస్తులన్నీ ఒడ్డుకు చేరాలి. మినహాయింపు కోరే వీలు కొన్నింటికే ఉంది: 10,000 టన్నులు మించిన పాత ఉక్కు కట్టడాల పాదాలకు, బ్రహ్మాండమైన కాంక్రీటు కాళ్ళకు. అదీ తోటి దేశాలను సంప్రదించిన తరువాతనే. బ్రెంట్ క్షేత్రపు కాంక్రీటు కాళ్ళను వదిలేస్తామన్నప్పుడు 2019లో జర్మనీ అభ్యంతరం చెప్పింది.

మరి ఖర్చెవరిది? బ్రిటన్ 1998లో చేసిన పెట్రోలియం చట్టం నాకు నచ్చింది. వేదికలో వాటా ఉన్నవాళ్ళంతా కలిసి బాధ్యులు. ఒకడు దివాలా తీస్తే మిగిలినవాళ్ళు పెట్టుకోవాలి. వాటా అమ్మేసి వెళ్ళినవాణ్ణి కూడా ప్రభుత్వం వెనక్కి పిలవగలదు. లాభం పంచుకున్న రోజుల్లో ఉన్నారు, చెత్త ఎత్తే రోజున లేరంటే ఎలా?

అమెరికాలో దారి వేరు. మెక్సికో సింధుశాఖలో వేదిక కాళ్ళకు గుల్లలు, పగడాలు పట్టి, వాటి చుట్టూ చేపలు చేరడం జాలర్లు చూశారు. 1984 నాటి చట్టం ఆధారంగా లూసియానా వంటి రాష్ట్రాలు పాత వేదికలను పడుకోబెట్టో, తల కోసో చేపల దిబ్బలుగా మార్చాయి. అలాంటివి 500 దాటాయి. కంపెనీకి మిగిలిన ఖర్చులో సగం దాకా రాష్ట్రానికి ఇవ్వాలి. చేపలు అక్కడ కొత్తగా పెరుగుతున్నాయా, చుట్టుపక్కల ఉన్నవే వచ్చి చేరుతున్నాయా అన్నదాని మీద శాస్త్రజ్ఞులలో వాదం ఉంది. నా మటుకు నాకు, ముందు సగం డబ్బు మిగిలేది ఎవరికో చూసి తరువాత చేపలను లెక్కపెట్టడం మంచిదనిపిస్తుంది.

మన దేశం 1982 నాటి సముద్ర చట్టాన్ని 1995లో ఆమోదించింది. కోనసీమలో ఎస్. యానం ఎదుట, తీరానికి దగ్గరగా రవ్వ క్షేత్రం ఉంది. అక్కడ 1993లో చమురు తీయడం మొదలైంది. లోతు తక్కువ నీరు కనుక పైన చెప్పిన 75 మీటర్ల అంకె అక్కడి వేదికలకు వర్తిస్తుందో లేదో మీరే చెప్పగలరు.

బ్రెంట్ స్పార్ ఏమైందో చెప్పలేదు కదూ! దాన్ని నార్వేకు లాక్కుపోయి, కడిగి, అడ్డంగా చక్రాల్లా కోశారు. బావిలో ఒరలు దించినట్టు ఆ చక్రాలను స్టవాంగర్ దగ్గర మెక్యార్విక్ రేవులో నీటి అడుగున వరసగా నిలబెట్టి, నింపి, పైన కాంక్రీటు పోశారు. 1999 నుంచి ఓడలు ఆ రేవుగట్టుకే వచ్చి ఆగుతున్నాయి. వెనక బెంచీ అబ్బాయి జవాబే నిజానికి దగ్గరగా వచ్చింది.