సూదిరంధ్రం ద్వారా చికిత్స చేసే డాక్టరు – ఎవరు? ఎలా తయారవుతారు?

మీ ఇంట్లో షుగరు వ్యాధి ఉన్న పెద్దాయనకు కాలి బొటనవేలు నల్లబడిందనుకోండి. చేజర్లలో చూపించారు, ఆత్మకూరులో చూపించారు, చివరకు నెల్లూరు చేరారు. అక్కడ ఒక డాక్టరుగారు "ఆలస్యమైంది, కాలు తీసేయవలసి రావచ్చు" అన్నారు. ఇంకొకరు "ముందు కాలి రక్తనాళం ఎక్కడ మూసుకుపోయిందో చూద్దాం. తెరవడానికి వీలుంటే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు తెరుస్తారు" అన్నారు. ఇప్పుడు కుటుంబమంతా వరండాలో కూర్చొని ఏదో ఒకటి తేల్చుకోవాలి.

అప్పుడు అందరికీ వచ్చే సందేహం ఒకటుంది. రేడియాలజిస్టు అంటే ఎక్స్‌రే, స్కానింగు చూసి రిపోర్టు రాసే డాక్టరు కదా! ఆయన కాలు ఎలా కాపాడతారు? ఆ పని ఎక్కడ నేర్చుకున్నారు? ఇలా అడగడం తప్పు కాదు. వైద్యరంగమే దీనికి సరైన జవాబు వెదుక్కోవడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

ఆ డాక్టరు చేసే పని ఏమిటి?

గజ్జల్లో గాని, మణికట్టు దగ్గర గాని మత్తు సూది వేసి, ఆ చోటు వరకే స్పర్శ తెలియకుండా చేస్తారు. ఒక సూదిని రక్తనాళంలోకి గుచ్చి, దాని గుండా సన్నని తీగ పంపుతారు. సూది తీసేసి, ఆ తీగ మీదుగా సన్నని గొట్టాన్ని లోపలికి తోస్తారు. ఈ పద్ధతిని 1953లో స్వీడన్ దేశపు రేడియాలజిస్టు సెల్డింగర్ ప్రకటించారు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఇదే పద్ధతి. డాక్టరు కన్ను టి.వి. వంటి తెర మీద ఉంటుంది, చెయ్యి గొట్టం మీద ఉంటుంది. మూసుకుపోయిన చోట చిన్న బెలూన్ ఉబ్బించి దారి వెడల్పు చేస్తారు, అవసరమైతే స్టెంట్ పెడతారు. రక్తం కారిపోతున్న చోటయితే దారి మూసేస్తారు. కాన్పు తరువాత ఆగని రక్తస్రావం, కాలేయంలో చీముగడ్డ, పైత్యనాళం అడ్డుపడి వచ్చిన కామెర్లు, కొన్ని రకాల పక్షవాతం - ఇటువంటి వాటన్నిటికీ ఈ విధానం పనికివస్తుంది. పెద్ద కోత ఉండదు కనుక చాలామంది త్వరగా లేచి తిరుగుతారు.

ఒక కాలితో మొదలైన వైద్యం

1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 82 ఏళ్ళ ఒక ముసలమ్మకు చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు ఇదే విధంగా తొడలోని రక్తనాళం తెరిచారు. ఆమె కాలి వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. డాక్టర్లు కాలు తీసేద్దామంటే ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. చికిత్స తరువాత ఆ కాలితోనే రెండేళ్ళకు పైగా నడిచింది. ఆమె మొండిపట్టే ఈ వైద్యానికి దారి తీసిందని చెప్పుకోవచ్చు.

అయినా చాలామంది సర్జన్లు డాటర్‌గారిని నమ్మలేదు. ఫొటో తీసి పంపితే చాలు, బాగుచేసే ప్రయత్నం చేయవద్దు అని చీటీలో రాసి పంపినవారు కూడా ఉన్నారు. డాటర్ మాత్రం 1968లో తన తోటి రేడియాలజిస్టులనే హెచ్చరించారు. రోగిని మనమే పరీక్షించి, మనమే బాధ్యత తీసుకొని, తరువాత కూడా మనమే చూసుకోకపోతే ఖరీదైన ప్లంబర్లుగా మిగిలిపోతాం అన్నది ఆయన మాటల సారాంశం. పైపు బాగుచేసి వెళ్ళిపోయే మనిషికీ, ఇంటిమనిషి బాగోగులు చూసే డాక్టరుకూ ఉన్న తేడా అది. తరువాతి కాలంలో చదువు మారడానికి ముఖ్య కారణం కూడా ఈ తేడానే.

చదువు ఎలా మారింది?

పూర్వం ఈ విద్యకు విడిగా చదువు లేదు. రేడియాలజీ పూర్తిచేసినవారు ఆసక్తి ఉంటే ఒక పెద్ద డాక్టరు దగ్గర ఏడాదో రెండేళ్ళో ఉండి చేతిపని నేర్చుకునేవారు. చేతిపని వచ్చేది. కానీ వార్డులో రోగిని చూడటం, ఓ.పి.లో కూర్చోవడం, అర్ధరాత్రి రోగికి బి.పి. పడిపోతే ఏం చేయాలో నిర్ణయించడం - వీటిలో అనుభవం తక్కువగా ఉండేది.

ఇంగ్లండులో 2010లో దీనిని రేడియాలజీలో ప్రత్యేక శాఖగా గుర్తించి, మామూలు రేడియాలజీకి ఐదేళ్ళయితే దీనికి ఆరేళ్ళ శిక్షణ పెట్టారు. అమెరికాలో 2012లో దీనిని సొంతంగా నిలబడే వైద్యశాఖగా అంగీకరించారు. ఇప్పుడు అక్కడి విద్యార్థి వైద్య కళాశాల నుండి నేరుగా ఆరేళ్ళ శిక్షణలో చేరవచ్చు. అందులో వార్డు పని, ఐ.సి.యు. పని కూడా ఉంటాయి, చివరి రెండేళ్ళు ఎక్కువగా ఈ విద్యకే. రేడియాలజీ తరువాత ఒక్క ఏడాది నేర్చుకునే పాత ఫెలోషిప్ పద్ధతి అక్కడ 2020తో ఆగిపోయింది. ఆలస్యంగా మనసు మారినవారు రేడియాలజీ తరువాత విడిగా చేరడానికి వేరే దారి ఉంచారు.

మన దేశంలో దారి ఇంకా పొడుగు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర ఏళ్ళు, హౌస్ సర్జన్సీ ఒక ఏడాది, రేడియాలజీలో ఎం.డి. మూడేళ్ళు. ఆ తరువాత సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష రాసి డి.ఎం. ఇంటర్వెన్షనల్ రేడియాలజీ మూడేళ్ళు. జాతీయ పరీక్షల బోర్డువారు ఇంతకు ముందు రెండేళ్ళ ఫెలోషిప్ ఇచ్చేవారు, ఇప్పుడు డి.ఎం.కు సమానమైన డి.ఆర్.ఎన్.బి. అనే మూడేళ్ళ కోర్సు ఉంది. అన్నీ కలిపితే పదకొండున్నర ఏళ్ళు. పద్దెనిమిదో ఏట చేరిన కుర్రవాడు ఎక్కడా తప్పకుండా, ఎక్కడా ఆగకుండా చదివినా ముప్పైకి దగ్గరపడతాడు. ఢిల్లీ ఎయిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర, బెంగుళూరు నిమ్హాన్స్ వంటి సంస్థల్లో గుండె, మెదడు రక్తనాళాలకు సంబంధించిన ఇటువంటి డి.ఎం. కోర్సులు వేరే పేర్లతో నడుస్తున్నాయి. ఎం.బి.బి.ఎస్.లో ఉండగా విద్యార్థి రేడియాలజీ విభాగంలో గడిపేది కొద్ది రోజులే. అందువలన ఇటువంటి శాఖ ఒకటి ఉందని చాలామంది డాక్టర్లకే ఆలస్యంగా తెలుస్తుంది. మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఈ డాక్టర్లు కనిపించకపోవడానికి ఇదొక కారణం. క్యాథ్‌ల్యాబ్ లేని ఊరిలో వీరు పని చేయలేరన్నది మరొక కారణం.

డిగ్రీ ఒక్కటే చూడాలా?

అలా అనుకోవద్దు. డి.ఎం. కోర్సు రాకముందే ఫెలోషిప్‌తో నేర్చుకొని ఏళ్ళ తరబడి ఈ పని చేస్తున్న మంచి డాక్టర్లు ఉన్నారు. ఇప్పటి కొత్తవారికి నేర్పుతున్నది కూడా చాలాచోట్ల వారే. పైగా గుండె స్టెంట్లు వేసేది కార్డియాలజిస్టులు. కాలి రక్తనాళాలను వాస్క్యులర్ సర్జన్లు కూడా తెరుస్తారు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని తీసే పనిని రేడియాలజిస్టులతో పాటు ప్రత్యేక శిక్షణ పొందిన న్యూరాలజిస్టులు, న్యూరోసర్జన్లు కూడా చేస్తారు. కనుక బోర్డు మీద పేరు పక్కన అక్షరాలు లెక్కపెట్టడం కంటే, నోరు తెరిచి అడగడం మేలు. ఇటువంటి కేసులు మీరు ఎన్ని చేశారు? మా నాన్నకు ఇది పని చేయకపోతే తరువాత ఏం చేస్తారు? రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరిని పిలవాలి? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోప్పడరు.

వైద్య కళాశాల ఆసుపత్రికి వెళితే మరో భయం ఉంటుంది. "నేర్చుకునే పిల్లల చేతిలో పెడతారేమో" అని. నేర్చుకునే డాక్టరు సూది పట్టుకోవచ్చు, కానీ పెద్ద డాక్టరు పక్కనే ఉండి చేయించాలి. అంగీకార పత్రం మీద సంతకం పెట్టేముందు "పెద్ద డాక్టరుగారు లోపల ఉంటారా?" అని అడిగే హక్కు మీకుంది. చదవడం రాకపోతే పత్రంలోని విషయం తెలుగులో చెప్పించుకున్న తరువాతే వేలిముద్ర వేయండి.

వెళ్ళేముందు తెలుసుకోవలసినవి

ఈ వైద్యం అన్ని కాళ్ళనూ కాపాడలేదు. కుళ్ళు పైకి పాకుతూ, జ్వరం, మగత వస్తుంటే కాలు తీయడమే ప్రాణం నిలపవచ్చు. అటువంటప్పుడు ఊరూరా తిరుగుతూ రోజులు పోగొట్టవద్దు.

ఫొటో కోసం ఎక్కించే మందు మూత్రపిండాల మీద భారం వేయవచ్చు. క్రియాటినిన్ రిపోర్టు, పాత స్కానింగు ఫిల్ములు, వాడుతున్న మందుల చీటీ తీసుకువెళ్ళండి. రక్తం పలుచబరిచే మాత్రలు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు. గర్భం ఉండే అవకాశం ఉన్నా, ఇంతకు ముందు ఏ ఇంజెక్షన్‌కైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చినా చెప్పాలి. ఖర్చు విషయానికి వస్తే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో మీకు చెప్పిన చికిత్స ఉన్నదీ లేనిదీ ఆ ఆసుపత్రిలోని పథకం కౌంటరులో చేరకముందే కనుక్కోండి.

గజ్జల ద్వారా చేసినప్పుడు కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోబెడతారు. ఆ సమయంలో పక్కనుండేవారు దుప్పటి తీసి చూస్తూ ఉండాలి. గుచ్చిన చోట వాపు గాని, రక్తం గాని కనబడితే, పాదం చల్లబడితే వెంటనే నర్సును పిలవండి.

డయాలసిస్ చేయించుకుంటున్నవారి ఇళ్ళలో మరో జాగ్రత్త అవసరం. చేతి ఫిస్టులా మీద రోజూ పొద్దున్నే వేళ్ళు ఆనించి చూడండి. జలదరింపు తెలియాలి. అది తెలియకపోతే ఫిస్టులా మూసుకుపోతున్నదని అనుమానించాలి. తరువాతి డయాలసిస్ రోజు దాకా ఆగవద్దు, ఆ రోజే మీ డయాలసిస్ కేంద్రానికి ఫోను చేయండి. ఒకటి రెండు రోజుల్లో చేరితే సూదిరంధ్రం ద్వారానే మళ్ళీ తెరిచే అవకాశం ఎక్కువ.