జీబీఎస్: నడుం నొప్పితోనూ మొదలవ్వొచ్చు

2025 ఆరంభంలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరగడంతో గులియన్ బారే సిండ్రోమ్, అదే జీబీఎస్, పేరు అందరికీ తెలిసింది. రోగ నిరోధక వ్యవస్థ పొరపాటున సొంత నరాలపైనే దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. అంటువ్యాధి కాదు.

సాధారణంగా కాళ్లలో తిమ్మిర్లు, బలహీనతతో మొదలై పైకి పాకుతుంది. కొందరిలో మాత్రం తొలుత తీవ్రమైన నడుం నొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, ముఖం రెండు వైపులా బిగుతు తగ్గడం, మింగలేకపోవడం, నడకలో తూలడం వంటివి ఉంటాయి.

విరేచనాలో జలుబో వచ్చిన కొన్ని రోజులు, వారాల్లో ఇవి కనిపించి, త్వరత్వరగా పెరుగుతుంటే నొప్పి మాత్రలతో సరిపెట్టుకోవద్దు. వెంటనే ఐసీయూ, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. ముందు వచ్చిన విరేచనాల సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి. ఊపిరి కష్టమైతే 108కి ఫోన్ చేయాలి. ఐవీఐజీ లేదా ప్లాస్మా మార్పిడి చికిత్స తొలి రెండు వారాల్లో మొదలుపెడితే మేలు ఎక్కువ.