కరవు సీమలో కొవ్వు ముప్పు

అనంతపురం: వాన చినుకు కోసం ఆకాశం వైపు చూసే సీమలో ఊబకాయం మాట ఎత్తితే నవ్వేవారుంటారు. తిండికే కరవైన చోట కొవ్వెక్కడిదని అడిగేవారూ ఉంటారు. కానీ నలభై ఏళ్ళకే బొజ్జ పెరిగి, రక్తపోటు, చక్కెర జబ్బులకు మందులు మింగేవారు నేడు పల్లెల్లోనూ కనిపిస్తున్నారు. ఒళ్ళు చేస్తే కలిమి వచ్చిందని మురిసే అలవాటు మాత్రం పోలేదు.

గుండెపోటు పట్నవాసుల జబ్బన్న మాటకు ఏనాడో కాలం చెల్లింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. అది పాడిపంటల సీమ, ఇది మెట్ట సీమ కదా అని ధైర్యపడటానికి లేదు. ఇక్కడా తిండి, పని రెండూ మారాయి.

మారిన కంచం

వెనుకటి తరం రాగి సంగటి, కొర్రన్నం, జొన్న రొట్టె, ఊరుబిండి తిని పొద్దస్తమానం చేలో కష్టపడేది. వేరుశనగ సాగు విస్తరించి కొర్ర, సజ్జ చేలు తగ్గాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక వరి అన్నం పేదల ఇళ్ళకూ చేరింది. ఆకలి తీర్చిన ఆ మేలును ఎవరూ కాదనరు. అయితే కపిల పోయి మోటారు, మడక పోయి ట్రాక్టరు, కాలినడక పోయి మోటారు సైకిలు వచ్చాయి. మూడు పూటలా తెల్లన్నం, మధ్యలో బజ్జీలు, చక్కెర టీలు మాత్రం తగ్గలేదు. తిన్నది ఖర్చుకాక నడుము చుట్టూ చేరుతోంది.

నాళంలో జరిగేదిదీ

కడుపులో చేరిన కొవ్వు ఊరికే ఉండదు. రక్తంలో చెడు కొవ్వునూ, చక్కెరనూ, రక్తపోటునూ పెంచుతుంది. వీటి తాకిడికి రక్తనాళం లోపలి పొర దెబ్బతిని, అక్కడ కొవ్వు పేరుకుంటుంది. బోరు నీటి ఉప్పు పేరుకుని డ్రిప్పు పైపు సన్నబడినట్లే నాళమూ సన్నబడుతుంది. ఏళ్ళ తరబడి నొప్పి తెలియదు. ఒకనాడు ఆ పేరుకున్న చోట చిట్లి రక్తం గడ్డకడితే, గుండెలోనైతే గుండెపోటు, మెదడులోనైతే పక్షవాతం. బీడీ తోడైతే ముప్పు రెట్టింపే.

చేయవలసినదేమిటి?

నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మేలుకోవాలి. 80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గినా రక్తపోటు, చక్కెర అదుపులోకి రావడానికి తోడ్పడుతుంది. సంగటి మంచిదని ముద్ద మీద ముద్ద లాగిస్తే లాభం లేదు. ముద్ద తగ్గించి పప్పు, ఆకుకూర పెంచాలి. గుప్పెడు ఉడికించిన వేరుశనగ మేలే. కాగిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి వేసిన బజ్జీలే కీడు. ఉప్పు రోజుకు మనిషికి చిన్న చెంచాడు మించరాదు. ఊరగాయ, అప్పడాల ఉప్పూ ఆ లెక్కలోదే. రోజూ అరగంట చురుకుగా నడవాలి. బాగుందని మందులు సొంతంగా మానరాదు.

1991లో పుట్టపర్తిలో ప్రారంభమైన సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. కానీ అక్కడిదాకా ప్రాణంతో చేరాలి కదా! ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చేయి లాగుతుంటే గ్యాసని సోడా తాగి కూర్చోక వెంటనే 108కి ఫోన్ చేయాలి. సంపాదించే మనిషి కూలితే మిగిలేది అప్పులూ, పసిబిడ్డలూ. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకోవడం ఆ ఇంటికే రక్ష.