ఇష్టమైన కత్తి, ఖరీదైన కత్తి

ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న మన దేవరాపల్లి వైపు పల్లెల్లో బ్లేడు రాకముందు గడ్డానికి మంగలకత్తే ఆధారం. జిల్లెట్ గారి మార్చుకునే బ్లేడుకు అమెరికాలో 1904లో పేటెంటు వచ్చింది. అది క్రమంగా పల్లెలకూ చేరి పాత కత్తిని ట్రంకుపెట్టె అడుగుకు పంపింది. పంపకాల వేళ అటువంటి కత్తి బయటపడితే మనం మొదట అడిగేది, "దీనికి ఎంతొస్తుంది?" అని.

ఖరీదు కట్టేవారు అలుగు మీది ముద్ర చూస్తారు. ఇంగ్లాండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్ పేరుపొందిన ఊళ్ళు. సోలింగెన్ పేరుకు 1938లోనే చట్టరక్షణ కల్పించారు. తుప్పు పట్టని, అరగని, అసలు వాడని కత్తికి మంచి ధర. ఏనుగు దంతపు పిడి ఉంటే మాత్రం అమ్మకూడదు. మన దేశంలో ఆ వ్యాపారం నిషిద్ధం.

నాన్నగారు ఇష్టపడిన కత్తి సంగతి వేరు. తోలుపట్టీ మీద తిప్పి, సానరాయి మీద నూరి వాడినది అది. నూరిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది, అలుగు సన్నబడుతుంది, ధరా తగ్గుతుంది. కాని ఆ అరుగుదలలోనే ఆయన చేతివాటం ఉంది.

కాబట్టి ప్రియ చదువరులారా, రెండు కత్తులుంటే ఖరీదైనదాన్ని అమ్మి సొమ్ము సమంగా పంచుకోండి. అరిగినదాన్ని తుడిచి, నూనె రాసి, పిల్లలకు అందనిచోట దాచండి. అది ఎవరి చేతిలో అరిగిందో వారికి చెప్పండి. మనం చెప్పకపోతే ఆ విలువ మనతోనే పోతుంది.