‘పుష్ ది ఎన్వలప్’: ఏ ఎన్వలప్? ఎవరి మాట?

ఆఫీసు మీటింగుల్లో, ఆటల వార్తల్లో ‘పుషింగ్ ది ఎన్వలప్’ అనే మాట తరచూ వినబడుతుంది. ఇంతవరకు సాధ్యమనుకున్న హద్దును ఇంకాస్త ముందుకు జరపడమని దాని అర్థం. ఉత్తరాలు పెట్టే కవరుకూ దీనికీ సంబంధం లేదు. కొత్త విమానాలను ఎగరేసి పరీక్షించే పైలట్లు, ఇంజినీర్ల దగ్గర పుట్టిన మాట ఇది.

గణితంలో, ఒక వరుస గీతలన్నిటినీ తాకుతూ సాగే వక్రరేఖను ఎన్వలప్ అంటారు. విమాన ఇంజినీర్లు ఆ పేరును తమ గ్రాఫుకు పెట్టుకున్నారు. గ్రాఫులో అడ్డంగా వేగం, నిలువుగా ఎత్తు ఉంటాయి. వేగం మరీ తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు. మరీ పెరిగితే గాలి తాకిడికి అదిరి విరిగిపోవచ్చు. మరీ పైకి పోతే పలచని గాలిలో ఇంజను బలం చాలదు. ఈ హద్దులన్నీ కలిపి గీసిన ఆకారమే ‘ఫ్లైట్ ఎన్వలప్’. విమానం ఆ గీత లోపలే ఎగరాలి.

కొత్త విమానానికి ఆ గీత కాగితం మీది లెక్కే. అది నిజమో కాదో ఎగిరి తేల్చుకోవాలి. కెనడాలో ‘ఆవ్రో ఆరో’ యుద్ధవిమానం కథ చూస్తే ఆ పని ఎలా జరుగుతుందో తెలుస్తుంది. టొరంటో పక్కన మాల్టన్‌లో, అంటే ఇవాళ మనవాళ్లు దిగే పియర్సన్ విమానాశ్రయంలోనే, 1958 మార్చి 25న అది తొలిసారి గాల్లోకి లేచింది. నడిపింది యానుష్ జురకోవ్‌స్కీ. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆకాశంలో పోరాడిన పోలిష్ పైలట్ ఆయన.

తొలిరోజు ఎగిరింది 35 నిమిషాలే. విమానం చెప్పినట్టు వింటోందా అని చూడటమే ఆనాటి పని. మూడోసారి ఎగిరినప్పుడు ధ్వని వేగాన్ని దాటారు. ఏడోసారి 50,000 అడుగుల ఎత్తున గంటకు 1,000 మైళ్లు మించారు. జూన్ 11న దిగేటప్పుడు ఎడమవైపు చక్రాలు సరిగా తెరుచుకోక విమానం రన్‌వే దాటి పక్కకు పోయింది. జురకోవ్‌స్కీ క్షేమంగా బయటపడ్డారు. లోపం వెతికి సరిదిద్దాకే పరీక్షలు ముందుకు సాగాయి. నవంబరు నాటికి ‘ఆవ్రో ఆరో’ ధ్వని వేగానికి దాదాపు రెండింతలు అందుకుంది.

1959 ఫిబ్రవరి 20న కెనడా ప్రధాని డీఫెన్‌బేకర్ ప్రభుత్వం ఆ విమాన పథకాన్ని రద్దు చేసింది. ఎగిరిన ఐదు విమానాలనూ ముక్కలు చేయించారు. వేలమంది రోడ్డున పడ్డారు. జిమ్ చేంబర్లిన్ వంటి ఇంజినీర్లు నాసాకు వెళ్లి జెమినీ వ్యోమనౌక రూపకల్పనలో పాలుపంచుకున్నారు. చేతికొచ్చిన విద్యను కెనడా ఇలా చేజార్చుకోవడం ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇక టెస్ట్ పైలట్ల మధ్య నలిగిన ‘పుషింగ్ ది ఎన్వలప్’ అనే మాట, టామ్ వోల్ఫ్ 1979లో రాసిన ‘ది రైట్ స్టఫ్’ పుస్తకంతో జనం నోళ్లలో పడింది. దాంతోపాటు అసలు అర్థం కొంత జారిపోయింది. ఇప్పుడు ఏ దుడుకు పనికైనా దీన్ని తగిలిస్తున్నారు. పైలట్లు హద్దును గుడ్డిగా దాటలేదు. ఒక్కో మెట్టూ ఎక్కి, కొలిచి, దిగివచ్చి, లెక్క చూసుకుని, మళ్లీ ఎగిరారు. ఈ మాట వాడేవాళ్లు ఆ ఓపికను కూడా అలవరచుకోవాలి.