స్పీకర్ లేని గిటార్

పోయినేడు ఒక పెళ్లి రిసెప్షన్‌లో గిటార్ వాయించాల్సి వచ్చింది. ఫంక్షన్ హాలు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదని ముందే చెప్పారు. ఇంట్లో ఉన్న నా వాల్వు యాంప్లిఫయర్ బరువు 22 కిలోలు. దాన్ని మెట్లమీద మోయడం నావల్ల కాదనుకుని, అరచేతికన్నా కాస్త పెద్దదైన ప్రీయాంప్ పెడల్ ఒకటి సంచిలో పడేసుకుని వెళ్లాను. అందులోనూ నిజమైన వాల్వే ఉంది. ఇంట్లో యాంప్‌కి కలిపి వాయిస్తే భేషుగ్గా పలికేది. హాల్లో దాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపాను. మొదటి తీగ మీటగానే రేకు డబ్బాలో జోరీగని బంధించినట్టు ఒకటే రొద. మిక్సర్ దగ్గర కూర్చున్న కుర్రాడు లేచొచ్చి "అన్నా, కేబుల్ లూజేమో చూడన్నా" అన్నాడు. కేబుల్ బాగానే ఉంది. తప్పు ఎక్కడుందో ఇంటికొచ్చాక గానీ నా బుర్రకి తట్టలేదు.

గిటార్ వాయించేవాళ్లు ఇద్దరు కలిస్తే ఎప్పుడూ నడిచే వాదన ఒకటుంది. అసలు సిసలు వాల్వు యాంప్ కొనాలా, చిన్న ప్రీయాంప్ పెడల్‌తో సరిపెట్టుకోవచ్చా, లేక అన్నీ చిప్పులోనే లెక్కకట్టే డిజిటల్ మోడలర్ తీసుకోవాలా? వాదనంతా వాల్వు చుట్టూనే తిరుగుతుంది. నన్నడిగితే అది తిరగాల్సింది స్పీకర్ చుట్టూ. ఎందుకో చెప్పాలంటే మాత్రం ముందు వాల్వు సంగతే చూడాలి.

పాత వాల్వు రేడియో ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, స్విచ్ వేశాక వార్తలు వినబడటానికి కాసేపు పట్టేది. లోపలి గాజు బుడ్లు వేడెక్కాలి మరి. వాల్వు మధ్యలో ఒక లోహపు గొట్టం ఉంటుంది, దాని లోపల హీటరు. గొట్టం ఎర్రగా కాగితే దాని పైపూత నుంచి ఎలక్ట్రాన్లు ఆవిరిలా లేస్తాయి. చుట్టూ ఉన్న ప్లేటుకి రెండు మూడు వందల వోల్టులు ఇస్తే అవి అటు పరుగెడతాయి. ఇంతవరకూ ఫ్లెమింగ్ 1904లో చేసిన డయోడ్ సూత్రమే. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ దారిలో సన్నటి తీగను అడ్డుపెట్టాడు. దాన్నే గ్రిడ్ అంటారు. కాలవ తూము మీద పలకను అంగుళం కదిపితే నీళ్ల వేగమంతా మారినట్టు, గ్రిడ్ మీద వోల్టు కాస్త మారితే చాలు, ప్లేటుకి చేరే ప్రవాహం బోలెడంత మారుతుంది. గిటార్ పికప్ నుంచి వచ్చేది వోల్టులో చిన్న భాగం. దాన్ని పెద్దది చేసే పని ఈనాటికీ ఎక్కువ వాల్వు యాంపుల్లో 12ఏఎక్స్7 అనే బొటనవేలంత వాల్వుదే. యూరప్‌లో దాని పేరు ఈసీసీ83. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) ఫ్యాక్టరీలో కూడా ఒకప్పుడు ఇవి తయారయ్యేవి.

ఈ యాంపులు చేసినవాళ్లు కోరుకున్నది శుభ్రమైన ధ్వని. కుర్రకారు నాబ్‌ని చివరిదాకా తిప్పితే వాల్వుకి మోయగలిగినదానికన్నా ఎక్కువ భారం పడి, ధ్వనిలో ఒక జీర వచ్చేది. పాటగాడు పైస్థాయిలో గొంతు చించుకున్నప్పుడు వచ్చే జీర లాంటిదే. ఇంజనీర్ల దృష్టిలో అది లోపం, వాయించేవాళ్లకి అదే ప్రాణమైంది. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ ఆ జీర చాలక తన చిన్న యాంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీరేశాడు. 'యు రియల్లీ గాట్ మీ' పాటలో వినిపించేది ఆ చిరిగిన కాగితమే.

జీర అంటే శాస్త్రం మాటల్లో కొత్త హార్మోనిక్స్ పుట్టడం. గిటార్‌లో లావు వైపు నుంచి రెండో తీగ, అంటే ఏ తీగ, సెకనుకి 110 సార్లు కంపిస్తుంది. ఆ తరంగం శిఖరాలు అణగినప్పుడు 220, 330, 440, 550 దగ్గర అదనపు ధ్వనులు బలపడతాయి. మూలాన్ని షడ్జమం అనుకుంటే రెండో రెట్టు పైషడ్జమం, మూడోది పంచమం, అయిదోది అంతర గాంధారం. తంబురలో తీగ కింద నూలుపోగును అటూ ఇటూ జరిపి నాదం నిండుగా పలికేలా చేస్తారే, ఆ పనే ఇక్కడ కరెంటుతో జరుగుతోంది. వాల్వు శిఖరాన్ని ఒక్కసారిగా రంపంతో కోసినట్టు కొయ్యదు, ముందు అరగదీసి, భారం పెరిగేకొద్దీ బల్లపరుపు చేస్తుంది. అందుకే మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే జీరగా పలుకుతుంది. వాల్వులు సరి హార్మోనిక్సే ఇస్తాయి కాబట్టి తీయన అని చాలామంది అంటుంటారు. సగమే నిజం. రెండు పవర్ వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పెద్ద యాంపుల్లో ఆ దశలో పుట్టే సరి హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ మిగిలేవి బేసివే.

ఈ పవర్ వాల్వుల దగ్గరే ఇంకో చిక్కు. వాటి జీర కావాలంటే యాంప్‌ని గట్టిగా మోగించక తప్పదు. 50 వాట్ల యాంప్ బదులు 5 వాట్లది తెచ్చుకుంటే గోల పదోవంతు అవుతుందనుకుంటాం. చెవి అలా లెక్కపెట్టదు. శక్తి పదోవంతుకి పడితే చెవికి సుమారు సగమే తగ్గినట్టు ఉంటుంది. అపార్ట్‌మెంట్లో 5 వాట్ల వాల్వు యాంప్‌ని చివరిదాకా పెంచితే పక్క ఫ్లాటు ఆంటీ తలుపు తట్టడానికి ఆ సగం చాలు.

ఇప్పుడు స్పీకర్. 1950ల చివర్లో వచ్చిన ఫెండర్ కంపెనీ బాస్‌మన్ యాంప్ సర్క్యూట్‌ని ముందు పెట్టుకుని, లండన్‌లో డ్రమ్ముల కొట్టు నడిపే జిమ్ మార్షల్, ఆయన మనుషులు 1962లో తమ మొదటి యాంప్ చేశారు. సర్క్యూట్ దాదాపు మక్కీకి మక్కీ. అయినా ధ్వని వేరు. మొదటి వాల్వుని ఇంకాస్త జోరైన దానితో మార్చడం ఒక కారణం. రెండోది, ఫెండర్ వెనకవైపు తెరిచి ఉన్న పెట్టెలో 10 అంగుళాల స్పీకర్లు 4 పెడితే, మార్షల్ వెనక మూసేసిన పెట్టెలో 12 అంగుళాలవి 4 పెట్టాడు. రాక్ సంగీతం స్వరూపాన్నే మార్చిన ఆ తేడాలో వడ్రంగి పని వాటా చిన్నది కాదు.

గిటార్ స్పీకర్ ఇంట్లో పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. 12 అంగుళాల దళసరి కాగితం అంత చురుగ్గా కదల్లేదు, అందుకే సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక దాని ధ్వని నిట్టనిలువుగా పడిపోతుంది. వాల్వు పుట్టించే హార్మోనిక్స్‌లో చెవిని కోసేవి చాలావరకు ఆ పైనే ఉంటాయి. స్పీకర్ వాటిని జల్లెడలో తౌడులా పట్టి ఆపేస్తుంది. మనం ఇన్నేళ్లుగా రికార్డుల్లో విని మురిసిపోయే ధ్వని ఈ జల్లెడ దాటి వచ్చిందే. ఫంక్షన్ హాలుకి వెళ్తూ నేను ఇంట్లో వదిలేసింది ఈ జల్లెడనే. హాలు పెట్టెలు 15 వేల హెర్ట్జ్ దాకా ఉన్నదున్నట్టు పలుకుతాయి. నా పెడల్ ఇచ్చిన రొదనంతా అవి నిజాయితీగా పెళ్లివారికి అందించాయి.

కాబట్టి ప్రీయాంప్ పెడల్ అంటే యాంప్‌లో మొదటి సగం మాత్రమే. స్వరాన్ని దిద్దే నాబులు, జీర పుట్టించే మొదటి దశలు ఉంటాయి, పవర్ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ ఉండవు. కొన్నిటిలో వాల్వుకి నిజంగానే 200 వోల్టుల దాకా అందిస్తారు. అవి పెద్ద యాంప్‌లో లాగే ప్రవర్తిస్తాయి. కొన్నిట్లో 9, 12 వోల్టులతోనే వాల్వుని నడుపుతారు. పస్తు పెట్టినట్టన్నమాట. జీర వస్తుంది గానీ వేరే రకంగా, కాస్త పీలగా వస్తుంది. అది నచ్చేవాళ్లూ ఉన్నారు, నాకు పేచీ లేదు. వాల్వు కింద నారింజ ఎల్‌ఈడీ ఒకటి దాచిపెట్టి, అది వేడికి వెలుగుతోందని భ్రమ కల్పించడం మీదే నా పేచీ. వాల్వు లేకుండా ట్రాన్సిస్టర్లతోనే చక్కగా పలికే పెడళ్లున్నాయి. 1989లో వచ్చిన సాన్స్‌యాంప్ అలాంటిదే, పైగా స్పీకర్ జల్లెడను కూడా సర్క్యూట్‌లోనే ఇరికించింది. ఆ రోజుల్లోనే అసలు కిటుకు పట్టుకున్న పెట్టె అది.

డిజిటల్ మోడలర్ ఈ గొలుసు మొత్తాన్ని లెక్కగా మారుస్తుంది. తీగ నుంచి వచ్చిన వోల్టుని సాధారణంగా సెకనుకి 48 వేల సార్లు కొలిచి, ప్రతి అంకె మీదా వాల్వు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ ఏం చేస్తాయో లెక్కకడుతుంది. 1998లో లైన్ 6 కంపెనీ తెచ్చిన చిక్కుడుగింజ ఆకారపు పాడ్‌తో ఇది ఇళ్లలోకి వచ్చింది. లెక్కకట్టే దారులు రెండు. సర్క్యూట్ పటం దగ్గరపెట్టుకుని ప్రతి కెపాసిటర్‌కీ సమీకరణం రాయడం ఒకటి. రెండోది, లోపల ఏముందో పట్టించుకోకుండా నిజమైన యాంప్‌లోకి పరీక్ష ధ్వనులు పంపి, వచ్చినదాన్ని పోల్చి నేర్చుకోవడం. 2011లో కెంపర్ కంపెనీ చేసింది ఇదే. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులతో ఇంట్లో కంప్యూటర్ మీదే ఆ పని ఉచితంగా చేసుకోవచ్చు. కాకపోతే అలా పట్టింది మామూలుగా ఫొటో లాంటిది, యాంప్ నాబులు ఆ క్షణంలో ఎక్కడున్నాయో అక్కడి ధ్వనే దొరుకుతుంది.

తొలి మోడలర్లు ఎందుకు గరగరలాడాయో చెప్పడానికి ఒక లెక్క చాలు. 48 వేల సార్లు కొలిచే యంత్రం అందులో సగం, 24 వేల హెర్ట్జ్ దాకానే ధ్వనిని సరిగ్గా పట్టగలదు. జీర దశలో 5 వేల హెర్ట్జ్ ధ్వనికి ఏడో రెట్టు పుడితే అది 35 వేలు. యంత్రంలో దానికి చోటు లేదు, గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి 13 వేల దగ్గర కూర్చుంటుంది. 13 వేలకీ 5 వేలకీ సంగీతపరంగా ఏ చుట్టరికమూ లేదు, అందుకే చెవికి అపస్వరం. లోపల వేగాన్ని ఎనిమిది రెట్లు పెంచి లెక్కకట్టి, పనయ్యాక మళ్లీ తగ్గించడం దీనికి మందు. అంత చురుకైన చిప్పులు చవకయ్యాక ఆ గరగర దాదాపు పోయింది. ఇంకో ఫిర్యాదు ఆలస్యం. మీటిన 3 మిల్లీసెకన్లకి ధ్వని వస్తుందని కొందరు పెదవి విరుస్తారు. గాలిలో ధ్వని మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 3 మిల్లీసెకన్లు యాంప్‌కి మరో మీటరు దూరం జరిగి నిలబడటంతో సమానం. స్టేజీ మీద అంతకన్నా దూరంగానే తిరుగుతాం.

మోడలర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ముక్కని ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. గుడి మంటపంలో ఒక్క చప్పట కొట్టి, దాని ప్రతిధ్వనిని బట్టి ఆ మంటపం స్వభావం చెప్పగలిగినట్టు, స్పీకర్ పెట్టె ముందు మైకు పెట్టి దాని జవాబుని రికార్డు చేసి దాచుకుంటారు. ఆ చిన్న ఫైలుని మన గిటార్ ధ్వనితో కలిపితే జల్లెడ వచ్చేసినట్టే. నా అనుభవంలో యాంప్ మోడల్ మార్చితే వచ్చే తేడాకన్నా ఈ ఫైలు మార్చితే వచ్చే తేడా పెద్దది. ప్రీయాంప్ పెడల్ తర్వాత ఈ ఫైళ్లు నడిపే చిన్న పెట్టె ఒకటి చేర్చుకున్నాక మరో ఫంక్షన్‌లో మిక్సర్ కుర్రాడు నా వైపు తలెత్తి కూడా చూడలేదు.

మరి ఏది కొనాలంటే, మీ ధ్వని చివరికి ఎక్కడ పలుకుతుందో చూడండి. హెడ్‌ఫోన్లలో, హాలు పెట్టెల్లో, రికార్డింగులో అయితే మోడలరే. ఈ మాట పదిహేనేళ్ల క్రితం నేను అనేవాణ్ణి కాదు. ఇప్పటికే మంచి స్పీకర్ పెట్టె, యాంప్ ఉండి కొత్త గొంతు ఒకటి కావాలంటే ప్రీయాంప్ పెడల్. గదిలో గాలి కదలాలి, ప్యాంటు అంచు అదరాలి, మీటిన తీగకి స్పీకర్ గాలి తగిలి అది మళ్లీ మోగుతూ ఉండాలి అంటే వాల్వు యాంప్ కొనండి. కాకపోతే ఇల్లు విడిగా ఉండాలి. జీరే అక్కర్లేని సంగీతమైతే ఈ తర్జనభర్జన మొత్తం అనవసరం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాలు పలికించడానికి కావలసింది స్వరం నిలవడం, శుభ్రంగా నిలవడం.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో తెచ్చిపెడతామన్న వాల్వు యాంప్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక పలక మీద ఏముందో చూడకుండా ప్లగ్గు పెట్టకండి. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వాడినా, 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసినదైతే మన 50 హెర్ట్జ్ మీద కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. లోపలి కెపాసిటర్లు ప్లగ్గు తీశాక కూడా వందల వోల్టులు దాచుకుని ఉండగలవు, విప్పి చూసే సరదా వద్దు. వాల్వులు అరిగిపోతాయి, మార్చాలి. ఇప్పుడవి ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాల నుంచే వస్తున్నాయి.

అన్నిటికీ మించి, వాల్వు యాంప్‌ని స్పీకర్ తగిలించకుండా మోగించకూడదు. ట్రాన్సిస్టర్ యాంప్ అయితే చాలావరకు ఊరుకుంటుంది. వాల్వు యాంప్‌లో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి భారం లేకపోతే లోపలి వోల్టేజి ఎగదన్ని తీగచుట్టల ఇన్సులేషన్‌ని చీల్చుకుంటుంది. నా స్నేహితుడొకడు ఒకరాత్రి ఇంట్లోవాళ్లు నిద్రపోయాక, చప్పుడు కాకుండా రికార్డు చేసుకుందామని స్పీకర్ వైరు పీకేసి వాయించాడు. ఇరవై నిమిషాలకి కాలిన వాసన. పొద్దున్నే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని మోటార్లకి వైండింగ్ చేసే షాపుకి పట్టుకెళితే, షాపాయన విప్పి చూసి, అంత సన్న తీగ తన దగ్గర లేదని, కాగితంలో చుట్టి తిరిగిచ్చేశాడు. ఆ యాంప్ వాళ్లింట్లో ఇంకా ఉంది. పైన ఇన్వర్టర్ పెట్టుకున్నారు.