యమున ఒడ్డుకు ఏ బైనాక్యులర్?

ఢిల్లీలోని మయూర్ విహార్ నుంచి యమున ఎంతో దూరం కాదు. నది వెంట కాస్త దక్షిణానికి వెళ్తే ఓఖ్లా పక్షుల అభయారణ్యం వస్తుంది. చలికాలంలో వలస బాతులు అక్కడి నీటిపై దిగుతాయి. వాటిని చూడటానికి బైనాక్యులర్ కొనేవాళ్ళు తరచుగా పెద్ద అంకె ఉన్నదాన్నే ఎంచుకుంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

‘8×42’లో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెప్పే అంకె. 240 మీటర్ల దూరంలోని బాతు 30 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అంటే ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి దానితో భాగిస్తే, కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పు తెలుస్తుంది. ఇక్కడ అది 5.25 మి.మీ. అదే 8×32కు 4, 10×25కు 2.5.

మంచి ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు కుంచించుకుపోతుంది. అంతకన్నా వెడల్పైన పుంజంలో మిగిలిన కాంతి లోపలికి పోదు. కాబట్టి మధ్యాహ్నం 32కూ 42కూ వెలుగులో తేడా దాదాపు తెలియదు. తెల్లవారుజామున కంటిపాప విప్పారినప్పుడు మాత్రం పెద్ద కటకం పనికొస్తుంది. ఆ లాభానికి మెడ మూల్యం చెల్లిస్తుంది: 42 రకం సుమారు 650 గ్రాములు ఉంటే, 32 రకం 500 దగ్గర ఉంటుంది. గంటసేపు మోశాక ఆ తేడా బాగానే తెలుస్తుంది.

పది రెట్లు పెంచితే చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. స్టాండు లేకుండా చూసేవారికి 8 చాలు.

చిన్న రైఫిల్‌పై అమర్చే టెలిస్కోపుకూ ఇదే లెక్క. బరువైనదైతే తుపాకీ తూకమే మారిపోతుంది. కాకపోతే తుపాకీ వెనక్కి తన్నుతుంది కనుక, కన్ను దానికి సుమారు 9 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు పూర్తిగా నిషిద్ధం. పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి ఈ విద్యపై ఆసక్తి పుట్టింది కూడా చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక వల్లే!

బైనాక్యులర్‌లో కంటి దూరం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకునేవారికి అది కనీసం 15 ఉండాలి. లేకుంటే దృశ్యం అంచులు కనిపించవు. ఢిల్లీ పొగమంచుకు నైట్రోజన్ నింపి మూసిన రకం మేలు. లోపల తేమ పట్టదు. బయటి కటకంపై పట్టే తేమకు మెత్తటి గుడ్డ జేబులో ఉండాల్సిందే.